రూన్ అక్షరాలకు నిజంగా అర్థాలున్నాయా?

1955 జూలైలో నార్వే పడమటి తీరాన ఉన్న బెర్గెన్ నగరంలో, ఓడరేవును ఆనుకుని ఉన్న బ్రూగెన్ అనే పాత వర్తకుల వాడకు నిప్పంటుకుని చెక్క ఇళ్లలో పెద్ద భాగం కాలిపోయింది. బూడిద తొలగించాక అక్కడ మొదలైన పురావస్తు తవ్వకాలు 1968 వరకు సాగాయి. తడిమట్టిలో చెడిపోకుండా మిగిలిన వేలాది వస్తువుల మధ్య చెక్కపుల్లలు, ఎముక ముక్కలు బయటపడగా, వాటిలో సుమారు 670 వాటి మీద ఉత్తర ఐరోపా ప్రాచీన లిపి అయిన రూన్ అక్షరాలు చెక్కి ఉన్నట్టు తేలింది. ఒక పుల్ల మీద ఉన్న కబురు ఇంతే: “నిన్ను ఇంటికి వెళ్లమని గ్యూదా అంటోంది.” తాగుడు దుకాణంలో కూర్చుండిపోయిన మగడికి ఇల్లాలు పంపిన మాట అయి ఉంటుందని చదివినవారు ఊహించారు. ఊహ సంగతి ఎలా ఉన్నా, ఆ పుల్ల మీద దేవతలూ లేరు, శాపాలూ లేవు.

బెర్గెన్ పుల్లలు దొరికేదాకా రూన్ లిపి అనగానే చాలామందికి తోచేవి రెండే: పొలాల మధ్య నిలబెట్టిన స్మారక శిలలు, లేదా మంత్రతంత్రాలు. శిలల సంగతి నిజమే. మంత్రాల సంగతిలో కొంత నిజం, కొంత ఇటీవలి కల్పన ఉన్నాయి. ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోవడం వల్లనే ఇవాళ ఆన్‌లైన్ అంగళ్లలో చిన్న రాళ్ల సంచీని, ‘ఈ రాయి వస్తే ధనలాభం, ఆ రాయి వస్తే ప్రయాణం’ అని చెప్పే చిన్న పుస్తకంతో కలిపి, వేల ఏళ్ల నాటి విద్యగా అమ్మగలుగుతున్నారు. ‘రూన్‌కు అర్థం’ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు కలగలిసిపోయాయి: అక్షరం పలికే ధ్వని, ఆ అక్షరానికి జనం పెట్టుకున్న పేరు, అరుదుగా ఆ పేరుకు బదులు అక్షరాన్నే వాడిన సందర్భం, చివరగా ఇరవయ్యో శతాబ్దం అంటగట్టిన జోస్యం. మొదటి మూడూ చరిత్ర. నాలుగోది వ్యాపారం.

ముందుగా లిపి సంగతి. నేటి డేనిష్, స్వీడిష్, నార్వీజియన్, ఐస్‌లాండిక్, ఇంగ్లీషు, జర్మన్ భాషలకు పూర్వరూపాలైన జర్మానిక్ భాషలు మాట్లాడినవారు వాడిన అక్షరమాల ఇది. ఒక్కో గుర్తు ఒక్కో ధ్వనిని సూచిస్తుంది. అచ్చులకూ హల్లులకూ వేర్వేరు అక్షరాలున్నాయి. తొలి కాలంలో ఎడమనుంచి కుడికీ, కుడినుంచి ఎడమకూ కూడా రాసేవారు. పదాల మధ్య ఖాళీ వదలాలన్న నియమం లేదు. అక్షరాల వరుస గ్రీకు, లాటిన్ వరుసలతో కలవదు. ఫ, ఉ, థ, అ, ర, క అనే ఆరు ధ్వనులతో మొదలవుతుంది గనుక ఆ వరుసకు ‘ఫుథార్క్’ అన్న పేరు స్థిరపడింది. ఆ వరుసే ఎందుకు అన్న ప్రశ్నకు ఒప్పుకోదగ్గ సమాధానం ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

24 అక్షరాల పాత ఫుథార్క్ మొత్తం ఒకేచోట వరుసగా కనిపించే తొలి సాక్ష్యం స్వీడన్‌కు చెందిన గాట్లాండ్ ద్వీపంలో, కిల్వర్ అనేచోట ఒక సమాధిలో దొరికిన రాతిపలక. అది సుమారు క్రీ.శ. 400 నాటిది. విడి అక్షరాలు అంతకన్నా చాలా ముందునుంచే ఉన్నాయి. డెన్మార్క్‌లోని విమోసే బురదనేలలో దొరికిన ఒక దువ్వెన మీద ‘హర్యా’ అన్న మాట ఉంది. దాని కాలం సుమారు 160. నార్వేలో ఓస్లోకు వాయవ్యంగా, ఒక ప్రాచీన సమాధిలో 2021లో తవ్వి తీసిన స్వింగెరుడ్ రాయిని క్రీ.శ. 1 నుంచి 250 మధ్య కాలానికి చెందినదిగా, సమాధిలోని ఎముకలను, బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షించి నిర్ణయించారు. దాని మీద ‘ఇదిబెరుగ్’ అని చదవదగిన ఎనిమిది అక్షరాలున్నాయి. అది ఒక స్త్రీ పేరు కావచ్చు. అదే రాయి మీద ఫుథార్క్‌లోని మొదటి మూడు అక్షరాలు కూడా వరుసగా గీసి ఉన్నాయి. చుట్టూ ఉన్న కొన్ని గీతలకు ఏ అర్థమూ లేదు. అక్షరాలు నేర్చుకుంటున్న చేయి ఆడుకున్నట్టు ఉంటుంది ఆ రాయి.

ఈ అక్షరాలు శూన్యంలోంచి పుట్టలేదు. ర, బ, హ, ఫ ధ్వనుల అక్షరాలను లాటిన్ పెద్ద అక్షరాల పక్కన పెడితే పోలిక ఎవరికైనా కనిపిస్తుంది. మూలం లాటినేనని కొందరు, ఆల్ప్స్ పర్వత ప్రాంతంలోని ఉత్తర ఇటలీ లిపులని కొందరు, గ్రీకు అని మరికొందరు వాదించారు. ఎవరి వాదం గెలిచినా, రోమన్ సామ్రాజ్యంతో వర్తకం ద్వారానో, సైన్యంలో కొలువు ద్వారానో పరిచయమైన మధ్యధరా లిపి ఒకటి ఉత్తరాదికి వచ్చి కొత్త రూపం దాల్చిందన్న అంశంలో భేదం లేదు. అడ్డగీతలు, వంపులు లేకుండా నిలువు, ఏటవాలు గీతలతోనే అక్షరాలు ఉండటానికి కారణం చెక్క అని చాలాకాలంగా చెబుతున్నారు. చెక్క నారకు సమాంతరంగా గీసిన గీత నారలో కలిసిపోతుంది, లేదా చెక్కను చీలుస్తుంది. అయితే తొలి శాసనాల్లోనే గుండ్రని రూపాలు కూడా కనిపిస్తాయి కనుక దీన్ని నియమంగా కాక మొగ్గుగా తీసుకోవడం మంచిది.

ఇక పేర్లు. ప్రతి రూన్‌కు ఒక పేరుంది, ఆ పేరు మొదటి ధ్వనే సాధారణంగా ఆ అక్షరం పలికే ధ్వని. మొదటి అక్షరం పేరు ‘ఫే’: పశుసంపద, ధనం అని. మన పిల్లలు ‘అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు’ అని చదువుకున్నట్టే ఇదీ. ‘ఆ’ కనిపించిన చోటల్లా ఆవు ఉందని ఎవరూ అనుకోరు. రూన్ల విషయంలో మాత్రం సరిగ్గా ఆ పొరపాటే విద్యగా చలామణి అవుతోంది.

పేర్ల గురించి మనకు ప్రధానంగా తెలియజేసేవి మూడు పద్యమాలలు: ఒకటి ఇంగ్లండుది, ఒకటి నార్వేది, ఒకటి ఐస్‌లాండుది. ఇంగ్లండు పద్యాలున్న రాతప్రతి 1731 నాటి అగ్నిప్రమాదంలో నాశనమైంది. అదృష్టవశాత్తు 1705లోనే అచ్చు వేశారు గనుక పాఠం మిగిలింది. నార్వే, ఐస్‌లాండ్ పద్యాలు మధ్యయుగాలవి. అంటే ఈ మూడూ లిపి పుట్టిన వందల ఏళ్ల తరువాతివి. వీటిని పక్కపక్కన పెట్టి చదివినప్పుడు అసలు చిక్కు కనిపిస్తుంది. రెండో అక్షరం ‘ఊర్’కు ఇంగ్లండు పద్యం అడవి ఎద్దు అని చెబుతుంది. నార్వే పద్యంలో అదే పేరు చెడ్డ ఇనుమునుంచి వచ్చే చిట్టెం. ఐస్‌లాండ్ పద్యంలో అదే వానజల్లు. మూడో అక్షరం స్కాండినేవియాలో ‘థుర్స్’, అంటే రాక్షసుడు. ఇంగ్లండులో ‘థార్న్’, అంటే ముల్లు. ఈ అక్షరం ఉన్న రాయి సంచిలోంచి చేతికి వస్తే రాక్షసుడి ఫలం చెప్పాలా, ముల్లు ఫలం చెప్పాలా? జోస్యం పుస్తకాలు ఈ ప్రశ్నను దాటవేసి, తమకు నచ్చినదాన్ని పట్టుకుని, దానికి ‘రక్షణ’ అనో ‘సంకల్పబలం’ అనో ఆధునిక మనస్తత్వ పరిభాష తగిలిస్తాయి. పాత ఫుథార్క్ కాలంలో ఈ పేర్లు ఎలా ఉండేవో చెప్పే జాబితా ఏదీ లేదు. తరువాతి భాషల రూపాలను పోల్చి భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించినవే ఇప్పుడు అన్నిచోట్లా తిరుగుతున్న ‘ప్రాచీన’ పేర్లు.

అలాగని అక్షరాన్ని పేరుకు బదులుగా ఎప్పుడూ వాడలేదని అనడం కూడా తప్పే. స్వీడన్ దక్షిణాన బ్లేకింగే ప్రాంతంలో ఉన్న స్టెన్‌టోఫ్టెన్ శిల ఏడో శతాబ్దానిది. దాని మీద ‘హథువుల్ఫ్ ఇచ్చాడు’ అన్న మాట పక్కన ‘య’ ధ్వనికి చెందిన అక్షరం ఒక్కటే నిలబడి ఉంది. ఆ అక్షరం పేరుకు మంచి పంట పండిన ఏడాది అని అర్థం. తొమ్మిది మేకపోతులను, తొమ్మిది మగ గుర్రాలను బలి ఇచ్చి ఆ నాయకుడు తన జనానికి మంచి పంట తెచ్చిపెట్టాడని ఒక ప్రసిద్ధ పఠనం చెబుతుంది. చాలా కాలం తరువాత ఐస్‌లాండ్ లేఖకులు తోలుప్రతుల్లో చోటు ఆదా చేయడానికి ‘మనిషి’ అన్న మాట మొత్తం రాయకుండా ఆ పేరున్న రూన్ ఒక్కటి గీసి ఊరుకునేవారు. రెండూ ఒకే పద్ధతి: ఒకచోట గంభీరం, ఒకచోట పొదుపు. వేల శాసనాల్లో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే కాబట్టి వీటినే నియమంగా చూపడం కుదరదు.

ఎనిమిదో శతాబ్దంలో ఈ లిపికి జరిగినది ఇంకా విచిత్రం. స్కాండినేవియా భాషల్లో అచ్చుల సంఖ్య పెరుగుతున్న సమయంలో అక్షరాల సంఖ్య 24 నుంచి 16కు పడిపోయింది. ఇంగ్లండులో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, కొత్త ధ్వనుల కోసం కొత్త అక్షరాలు చేర్చుకుంటూ 28కి, ఆపైకి వెళ్లారు. ఉత్తరాదివారు ఎందుకు తగ్గించుకున్నారో చెప్పే సిద్ధాంతాలు అనేకం. వాటిలో నాకు సబబుగా తోచేది పేర్ల మార్పుకు సంబంధించినది. ‘మంచి ఏడాది’ అన్న అర్థమున్న ‘యారా’ అనే మాట కాలక్రమంలో మొదటి ‘య’ను పోగొట్టుకుని ‘ఆర్’ అయింది. పేరు మొదటి ధ్వనే అక్షరం ధ్వని కనుక ఆ అక్షరం ‘య’ పలకడం మానేసి ‘అ’ పలకసాగింది. ఇలా కొన్ని అక్షరాలు స్థానం మారాయి, కొన్ని అక్కర్లేనివయ్యాయి. ఇది కొంతవరకే వివరణ. చెక్కేవాడి శ్రమ తగ్గించుకోవాలన్న ఆలోచన కూడా ఇందులో కలిసి ఉండవచ్చు.

ఫలితం ఎలా ఉంటుందో డెన్మార్క్‌లోని యెల్లింగ్ పెద్ద శిల మీద చూడవచ్చు. సుమారు 965లో హరాల్డ్ రాజు తన తండ్రి గోర్మ్, తల్లి థూరా జ్ఞాపకార్థం దీన్ని నిలబెట్టించాడు. తాను డెన్మార్క్ మొత్తాన్ని, నార్వేను గెలుచుకున్నానని, డేన్లను క్రైస్తవులను చేశానని అందులో చెప్పుకున్నాడు. ఒక పక్క క్రీస్తు రూపం, మరో పక్క పాముతో పెనుగులాడే మృగం చెక్కి ఉన్నాయి. ఆ శిల మీద ‘కొనుంగ్ర్’, అంటే రాజు, అన్న మాట ‘కునుక్ర్’ అని ఉంది. ఎందుకంటే ‘ఒ’కు అక్షరం లేదు, ‘ఉ’ తోనే సరిపెట్టాలి. ‘గ’కు వేరే అక్షరం లేదు, ‘క’ తోనే సరిపెట్టాలి. హల్లు ముందు వచ్చే అనునాసికాన్ని తరచుగా వదిలేస్తారు. అందుకే తండ్రి గోర్మ్ అక్కడ ‘కుర్మ్’, డెన్మార్క్ ‘తన్‌మౌర్క్’, స్మారకం అన్న అర్థమున్న ‘కుంబ్ల్’ కాస్తా ‘కుబ్ల్’. చదివేవాడు మాట ముందే తెలిసి చదవాలి. 16 అక్షరాల శాసనాన్ని ఒకే విధంగా చదవగలమని ఎవరైనా ధీమాగా చెబితే సందేహించాలి. ఈ ఇబ్బంది ఆ కాలపువారికీ తెలిసింది కాబట్టే తరువాత ‘క’ మీద చుక్క పెట్టి ‘గ’ అని, ‘ఇ’ మీద చుక్క పెట్టి ‘ఎ’ అని రాసే పద్ధతి వచ్చింది. ఫోన్లలో బ్లూటూత్ గుర్తుగా కనిపించేది ఈ హరాల్డ్ పేరులోని ‘హ’, ఆయన మారుపేరు ‘బ్లాటాండ్’ (బ్లూటూత్)లోని ‘బ’ అనే రెండు రూన్ల కలయికే.

యెల్లింగ్ శిల మరో అపోహను కూడా తొలగిస్తుంది. రూన్లు క్రైస్తవానికి పూర్వపు మతానివని, క్రైస్తవం రాగానే అవి అణగారిపోయాయని చాలామంది అనుకుంటారు. నిజానికి దేశం క్రైస్తవంలోకి మారిందన్న ప్రకటననే రాజు రూన్లలో చెక్కించాడు. స్వీడన్‌లో దొరికిన రూన్ శిలల సంఖ్య 2,500కు మించుతుంది, వాటిలో వెయ్యికి పైగా ఒక్క ఉప్‌లాండ్ ప్రాంతంలోనివే; ఎక్కువ భాగం పదకొండో శతాబ్దంలో, అంటే క్రైస్తవం వేళ్లూనుకుంటున్న కాలంలో నిలబెట్టినవే. చాలా వాటి మీద శిలువ ఉంటుంది, ‘దేవుడు అతని ఆత్మకు తోడ్పడు గాక’ అన్న ప్రార్థన ఉంటుంది. వాక్యం దాదాపు అన్నిచోట్లా ఒకే అచ్చులో ఉంటుంది: ఫలానావారు తమ తండ్రి ఫలానావాడి జ్ఞాపకార్థం ఈ రాయి నిలబెట్టారు. గమనించవలసింది మొదట వచ్చే పేరు. చనిపోయినవాడికన్నా ముందు నిలబెట్టినవాడి పేరు ఉంటుంది. ఇది శోకంతో పాటు ‘వారసులం మేమే’ అన్న ప్రకటన కూడా.

హిల్లర్‌ష్యో అనేచోట ఉన్న బండ ఈ విషయాన్ని దాపరికం లేకుండా చెబుతుంది. ‘చదువు’ అన్న ఆజ్ఞతో మొదలై, గెయిర్లౌగ్ అనే స్త్రీ కథను వరుసగా చెప్పుకుపోతుంది. కన్యగా ఉన్నప్పుడు గెర్ముంద్‌ను పెళ్లాడింది, కొడుకు పుట్టాడు, భర్త నీట మునిగి చనిపోయాడు, తరువాత కొడుకూ పోయాడు. రెండో పెళ్లి చేసుకుంది; పిల్లల్లో ఇంగా అనే కూతురు ఒక్కతే బతికింది. ఇంగా రాగ్న్‌ఫాస్ట్ అనేవాడిని పెళ్లాడింది. అతను చనిపోయాడు, వారి కొడుకూ చనిపోయాడు. కొడుకు ఆస్తి తల్లి ఇంగాకు వచ్చింది. ఇంగా మళ్లీ పెళ్లి చేసుకుని, తానూ చనిపోయింది. ఆ ఆస్తంతా కూతురినుంచి తల్లి గెయిర్లౌగ్‌కు చేరింది. చెక్కినవాడు తోర్బియోర్న్ అనే కవి అని చివర సంతకం. కన్నీటి మాట ఒక్కటీ లేదు. నా దృష్టిలో రూన్ శిలలన్నింటిలోకీ విలువైనది ఇదే. పిల్లలనుంచి ఆస్తి పైకి, అందునా స్త్రీకి, ఎలా సంక్రమించేదో అక్కడి లిఖిత చట్టాలు వెలువడటానికి ముందే నమోదు చేసిన దస్తావేజు ఇది. అందరికీ కనిపించే బండ మీద ఉంది కాబట్టి దాన్ని ఎవరూ దాచలేరు, దిద్దలేరు.

డాబు ప్రదర్శించినవారూ ఉన్నారు. టేబీ ప్రాంతపు యార్లబాంకే అనే భూస్వామి బతికుండగానే తన జ్ఞాపకార్థం తానే రాళ్లు నిలబెట్టించుకుని, తన ఆత్మ కోసం వంతెన కట్టించానని, టేబీ మొత్తానికి తానొక్కడే యజమానినని చెక్కించాడు. ఉల్ఫ్ అనే మరొకరు ఇంగ్లండులో మూడుసార్లు కప్పం పంచుకున్నాడని, పంచిన నాయకుల పేర్లతో సహా అతని జ్ఞాపక శిల చెబుతుంది. ఆ మూడో నాయకుడు ఇంగ్లండును ఏలిన డేనిష్ రాజు క్నూట్. ఇంగ్వార్ అనే నాయకుడి వెంట తూర్పుదేశాలకు వెళ్లి తిరిగిరాని వారి కోసం రెండు డజన్లకు పైగా శిలలు వెలిశాయి. వాటిలో గ్రిప్స్‌హోల్మ్ శిల మీది పద్యం, వారు బంగారం కోసం మగవారిలా దూరం వెళ్లారని, తూర్పున గద్దలకు మేత పెట్టారని, దక్షిణాన సెర్క్‌లాండ్‌లో (ముస్లిం దేశాలకు వారు పెట్టుకున్న పేరు) మరణించారని చెబుతుంది. గద్దలకు మేత పెట్టడమంటే శత్రువులను చంపడం. ఇప్పుడు బూడిదరంగులో కనిపించే ఈ రాళ్లకు ఆనాడు ఎరుపు, నలుపు వంటి రంగులు పూసేవారు.

అక్షరాలన్నీ తెలిసినా భావం అందకపోవడం ఎలా ఉంటుందో ర్యోక్ శిల చూపుతుంది. స్వీడన్‌లోని ఓస్టర్‌యోట్‌లాండ్‌లో సుమారు 800లో వారిన్ అనే తండ్రి చనిపోయిన కొడుకు వామోద్ కోసం చెక్కించిన ఈ శిల మీద అయిదు వైపులా కలిపి సుమారు 760 అక్షరాలున్నాయి. కొంత భాగం గూఢలిపి. ఫుథార్క్‌ను మూడు వర్గాలుగా విభజించి, ఏ వర్గం, అందులో ఎన్నో అక్షరం అన్న రెండు అంకెలతో ఒక్కో అక్షరాన్ని సూచించడం అప్పటి సంకేత పద్ధతి. అయితే సమస్య గూఢలిపిలో లేదు. మామూలు రూన్లలో స్పష్టంగా ఉన్న పద్యంలో వచ్చే ఒక పేరు గోత్ రాజు థియొడొరిక్‌దేనని, ఇదంతా వీరగాథల సూచనలేనని చాలాకాలం భావించారు. 2020లో నలుగురు స్వీడిష్ పండితులు దానిని కాదన్నారు. 536 తరువాత అగ్నిపర్వత విస్ఫోటనాల వల్ల సూర్యుడు మసకబారి, పంటలు పోయి, ఉత్తరాదిలో జనం పెద్దయెత్తున నశించిన జ్ఞాపకం నేపథ్యంలో, మళ్లీ అలాంటి చలికాలం వస్తుందేమోనన్న భయమే ఈ శాసనంలోని పొడుపుకథల సారమని వారి వాదన. వాదం ఇంకా తేలలేదు. ఒక్కో అక్షరానికీ రహస్యార్థం ఉందనుకునేవారు గుర్తించవలసింది ఏమిటంటే, అక్షరాల ధ్వనుల మీద ఇక్కడ గొడవ లేదు. గొడవంతా మాటల విరుపు మీద, సందర్భం మీద. ఏ ప్రాచీన కావ్యం విషయంలోనైనా ఉండే గొడవే అది.

మరి మంత్రాలు? ఉన్నాయి. పాత ఫుథార్క్ కాలానికి చెందిన లిండ్‌హోల్మ్ ఎముక తాయెత్తు మీద ఎనిమిది సార్లు ‘అ’, ఆ తరువాత కొన్ని అక్షరాలు మూడేసి సార్లు, చివర ‘అలు’ అన్న మాట చెక్కి ఉన్నాయి. భాషగా చదవలేని ఆ వరుసను జపంగానో కట్టుగానో భావించడమే సమంజసం. బ్లేకింగేలోనే ఉన్న బ్యోర్కెటోర్ప్ శిల దాదాపు నాలుగు మీటర్ల పైచిలుకు ఎత్తుంటుంది. దాన్ని పగలగొట్టినవాడు మోసపు చావు చస్తాడని శపిస్తుంది. నోలేబీ శిల మీద రూన్లు దేవతలనుంచి వచ్చినవని సూచించే మాట ఉంది. ఓడిన్ దేవుడు ఈటెతో గాయపడి, గాలికి ఊగే చెట్టుకు తొమ్మిది రాత్రులు వేలాడి రూన్లను అందుకున్నాడని పాత నార్స్ (మధ్యయుగ స్కాండినేవియా భాష) కవిత చెబుతుంది. కాబట్టి రూన్లకు దైవమూలం ఉందని ఆ కాలపువారు నమ్మలేదని అనలేం.

కానీ శక్తి ఎక్కడుందని వారు భావించారు? డెన్మార్క్‌లోని రీబేలో దొరికిన, సుమారు 1300 నాటి వైద్యపు పుల్లను చూడండి. వణుకు జ్వరాన్ని పోగొట్టడానికి చెక్కిన ఆ మంత్రం భూమిని, ఆకాశాన్ని, సూర్యుణ్ణి, మరియమాతను, ప్రభువును పేరుపేరునా వేడుకుని, నయం చేసే చేతులను, నయం చేసే నాలుకను ప్రసాదించమని అడుగుతుంది. అందులో పనిచేసేది వాక్యం. రూన్లు ఆ వాక్యాన్ని మోసే అక్షరాలు మాత్రమే. పదమూడో శతాబ్దపు ఐస్‌లాండ్ గాథలో ఎగిల్ అనే కవివీరుడు ఒక రైతు ఇంట మంచాన పడ్డ పిల్లను చూస్తాడు. ఆమె పక్క కింద తిమింగలం ఎముక మీద రూన్లు కనిపిస్తాయి. రాయడం సరిగ్గా రాని ఒక కుర్రవాడు ఆమె మనసు గెలవాలని చెక్కబోయి తప్పు చెక్కాడు, దానితో ఆమె జబ్బుపడింది. ఎగిల్ వాటిని గీకేసి, ఎముకను కాల్చేసి, సరైనవి చెక్కి పెడతాడు, పిల్ల కోలుకుంటుంది. చదవడం చేతకానివాడు చెక్కకూడదని ఎగిల్ మందలింపు. మంత్రశక్తికి అత్యంత ప్రసిద్ధమైన ఈ కథలో కూడా ప్రాణాల మీదికి తెచ్చింది అక్షరదోషమే.

రాళ్లు తీసి ఫలం చెప్పే పద్ధతికి ఆధారంగా రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌ను తరచుగా ఉదహరిస్తారు. జర్మానిక్ తెగల గురించి సుమారు 98లో రాసిన వర్ణనలో ఆయన, కాయలు కాసే చెట్టు కొమ్మను ముక్కలుగా కోసి, వాటి మీద కొన్ని గుర్తులు పెట్టి, తెల్లబట్ట మీద చల్లి, మూడు ఏరి శకునం చూస్తారని చెప్పాడు. ఆ గుర్తులు అక్షరాలని ఆయన అనలేదు; ఒక్కో గుర్తుకు ఏ ఫలమో అంతకన్నా చెప్పలేదు. ఆ ఖాళీని పూరించినవారు ఆధునికులు. వియన్నాకు చెందిన గీడో ఫాన్ లిస్ట్ 1902లో కంటి శస్త్రచికిత్స తరువాత కళ్లకు కట్టు ఉన్న కాలంలో తనకు 18 రూన్ల రహస్యం స్ఫురించిందని ప్రకటించాడు. చరిత్రలో ఏ ఫుథార్క్‌లోనూ 18 అక్షరాల వరుస లేదు. ఆయన వంటివారి జాతివాద భావనలు నాజీల చిహ్నాల్లోకి వెళ్లాయి. రెండు ‘స’ రూన్లను పక్కపక్కన పెట్టిన ఎస్‌ఎస్ గుర్తును ప్రదర్శించడం నేటికీ జర్మనీలో నేరం. ఇప్పుడు అమ్ముడయ్యే సంచులకు నమూనా 1982లో అమెరికాలో వెలువడిన ఒక పుస్తకం. ఏ అక్షరమూ లేని ఖాళీ రాయిని విధికి గుర్తుగా చేర్చి 25 చేసినది అదే. ఇష్టపడి ఆ రాళ్లతో కాలక్షేపం చేసేవారిని తప్పుపట్టనక్కర్లేదు. వాటిని వైకింగుల సంప్రదాయమని చెప్పి అమ్మడం మాత్రం అబద్ధం.

వైకింగుల తరువాత కూడా అక్షరాలు బతికాయి. బెర్గెన్ పుల్లల్లో సరుకు మూటకు కట్టిన యజమాని పేర్ల చీటీలు, ‘ప్రియతమా, ముద్దు పెట్టు’ అన్న మాట, ప్రేమ అన్నింటినీ జయిస్తుందన్న వర్జిల్ లాటిన్ పంక్తి, లాటిన్ ప్రార్థనలు ఉన్నాయి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఓర్క్‌నీ దీవుల్లోని మేస్‌హావ్ రాతి సమాధిలోకి పన్నెండో శతాబ్దంలో చొరబడ్డ నార్స్ మనుషులు గోడల మీద సుమారు 30 రూన్ రాతలు చెక్కారు. ఒకడు తాను ఎంత ఎత్తున చెక్కాడో చెప్పుకున్నాడు, ఇంకొకడు ఇంగిగెర్ద్ అందగత్తె అన్నాడు. ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా పాలరాతి మీద ‘హాల్ఫ్‌దాన్’ అన్న పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. స్కానియా ప్రాంతపు చట్టాన్ని సుమారు 1300లో తోలు మీద మొత్తం రూన్లలోనే రాసిన ప్రతి ఒకటుంది. స్వీడన్‌లోని ఎల్వ్‌దాలెన్ లోయలో లాటిన్ అక్షరాలతో కలగలిపి ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల దాకా గ్రామస్థులు ఇవి రాశారు. 1898లో అమెరికాలోని మిన్నెసోటాలో బయటపడి, 1362 నాటిదని చెప్పుకునే కెన్సింగ్టన్ రాయిని నమ్మించింది కూడా ఒక విధంగా ఈ కొనసాగింపే: పందొమ్మిదో శతాబ్దంలో రూన్లు తెలిసిన స్వీడిష్ వలసదారులు ఉండటం అసాధ్యమేమీ కాదు. దాని మీది భాష, అక్షర రూపాలు ఆ శతాబ్దానివేనని రూన్ పండితుల్లో అత్యధికుల నిర్ణయం.

ఇప్పుడు తమ పేరును రూన్లలో పచ్చబొట్టుగా వేయించుకోవాలనుకునే తెలుగు కుర్రవాళ్లు కూడా ఉన్నారు. ఇంగ్లీషు స్పెల్లింగును అక్షరానికి అక్షరం మార్చి ఇచ్చే వెబ్‌సైట్లు వారికి దొరుకుతాయి. రూన్లు రాసేది ధ్వనిని, స్పెల్లింగును కాదు. హ్రస్వదీర్ఘాల తేడా ఉండదు, ట, త లకు ఒకటే అక్షరం, చ, శ లకు అసలు అక్షరమే లేదు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఏ కాలపు వరుస కావాలన్నది. 24 అక్షరాల పాత ఫుథార్క్‌లో ‘గోపి’ అన్న పేరు దాదాపు ఉన్నదున్నట్టు రాయవచ్చు. హరాల్డ్ రాజు కాలపు 16 అక్షరాలే కావాలంటే గ బదులు క, ఒ బదులు ఉ, ప బదులు బ పెట్టాలి కనుక అది ‘కుబి’ అవుతుంది. ఆ కాలపు పాఠకుడెవరైనా ఎదురుపడితే దాన్ని గోబి అనో, కూపి అనో, రాయకుండా వదిలేసిన అనునాసికాన్ని తానే చేర్చుకుని కుంబి అనో చదువుకుంటాడు.